ఈతకు ముందు ఇడ్లీ పెట్టవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సాయంత్రం బడి నుంచి రాగానే ఈత నేర్చుకోవడానికి వెళ్తాడు. తిన్నాక గంట దాటకుండా నీళ్లలో దిగితే కాళ్లు పట్టేసి మునిగిపోతారంటూ మా అత్తగారు వాడికి ఏమీ పెట్టనివ్వరు. వాడేమో నీరసంగా ఉందని మధ్యలోనే గట్టు మీదికి వచ్చి కూర్చుంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వాడి కడుపు మాట వినండమ్మా. మధ్యాహ్నం తిన్న క్యారేజీ అన్నం సాయంత్రం ఈతకు ఏం సరిపోతుంది?

తిన్నాక రక్తం పొట్ట వైపు ఎక్కువగా మళ్లుతుంది. అంతవరకు నిజమే. కానీ కాళ్లూ చేతులూ ఆడనంతగా వాటికి రక్తం తగ్గిపోదు. అమెరికా రెడ్‌క్రాస్ నిపుణులు 2011లో ఈ విషయంపై వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. తిని ఈదితే మునిగిపోయే ప్రమాదం పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. పిక్కలు పట్టేయడానికి చాలాసార్లు అలసటే కారణం. పట్టేస్తే వెల్లకిలా తేలి, మోకాలు చాచి, కాలి వేళ్లను తన వైపు లాక్కోమని వాడికి నేర్పించండి. మీ అత్తగారికీ చూపించండి, రాత్రి నిద్రలో పిక్క పట్టేసినప్పుడు పనికొస్తుంది.

అయితే ఆవిడ మాటను పూర్తిగా కొట్టిపారేయను. భోజనం చేశాక స్నానం చేయకూడదన్న పాత నియమాన్నే ఆవిడ ఈతకూ వర్తింపజేసి ఉంటారు. ఆదివారం కడుపునిండా బిర్యానీ తిని, వెంటనే పోటీపడి ఈదితే డొక్కలో పోటు వస్తుంది, వాంతి కూడా కావచ్చు. నిండు భోజనం తర్వాత గంట, గంటన్నర ఆగడం అందుకే మంచిది. అరగంట ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో పెడితే ఏ ఇబ్బందీ లేదు. మిరపకాయ బజ్జీలు మాత్రం ఇంటికొచ్చాకే. బోర్లా ఈదుతుంటే పుల్లటి తేన్పులు గొంతులోకి వస్తాయి.

నిజంగా భయపడవలసిన చోట మనం భయపడం, అదీ నా బాధ. ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో నీళ్లలోంచి తెచ్చిన మగవాళ్ల గురించి, ఏం తిన్నారని నేను అడిగేదాన్ని కాదు, ఏం తాగారని అడిగేదాన్ని. మందు తాగి బందరు కాలువలో దిగడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. కృష్ణలోనైతే ఇసుక తవ్విన గుంటలు పైకి కనిపించవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న పిల్లవాడు మరో అడుగు వేస్తే తల మునిగిపోతుంది. సెలవుల్లో స్నేహితులతో నదికి వెళ్తానని మీవాడు అడిగినప్పుడు మాత్రం అత్తగారి పక్షాన గట్టిగా నిలబడండి.