గ్రీన్ టీతో పేగుల వాపు తగ్గుతుందా?

ప్రశ్న: ఆరు నెలలుగా కడుపుబ్బరం, గ్యాస్. గ్రీన్ టీ తాగితే పేగులు బాగుపడతాయని చెబితే రోజూ పరగడుపున తాగుతున్నాను. ఇప్పుడు వికారం కూడా మొదలైంది. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. మానేయాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు హిమోగ్లోబిన్ సంగతి చూడండి. ఆరు నెలల కడుపుబ్బరం, దానికి తోడు రక్తహీనత అంటే ఇంట్లో సర్దుకునే విషయం కాదు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకుని, రక్తం ఎందుకు తగ్గిందో తేల్చుకోండి. మలం నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా తప్పకుండా చెప్పండి.

టీ పూర్తిగా మానక్కర్లేదు, తాగే వేళ మార్చాలి. గ్రీన్ టీలోని కెటెచిన్లు అనే వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పులు, రాగుల్లోని ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే రెండు గంటల ఎడం ఉంచండి. మాత్రను టీతో మింగడం అసలే వద్దు.

వికారానికి పరగడుపున తాగడం ఒక కారణం కావచ్చు, సలసల కాగే నీళ్లు పోయడం ఇంకొకటి. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగితే వేడి 80 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. 200 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు చాలు. రెండు మూడు నిమిషాల్లో వడకట్టేయండి. బ్యాగును కప్పులోనే వదిలేస్తే వగరు, కెఫీన్ ఎక్కువగా దిగుతాయి, కడుపులో తిప్పడానికి అవీ కారణం కావచ్చు. టిఫిన్ అయిన గంటన్నరకు ఒక కప్పు, సాయంత్రం నాలుగింటికి ఇంకొకటి తాగి చూడండి. అప్పటికీ వికారం తగ్గకపోతే మానేయండి. అందరికీ పడాలని లేదు.

ప్రశ్న: గ్రీన్ టీ నిజంగా పేగుల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) తగ్గిస్తుందా, లేక ప్రచారమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొంత నిజం ఉంది. ప్రచారం దాన్ని చాలా దూరం లాక్కెళ్లింది. గ్రీన్ టీలో ముఖ్యమైన కెటెచిన్ పేరు ఈజీసీజీ. తాగినదాంట్లో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మిగతాది పెద్దపేగుకు వెళ్తే అక్కడి బాక్టీరియా దాన్ని చిన్న చిన్న పదార్థాలుగా విరగ్గొడుతుంది. వాటిలో కొన్ని మళ్లీ ఒంట్లోకి చేరతాయి. ఎవరి బాక్టీరియా వాళ్లది కాబట్టి, ఒకే టీ ఇద్దరిలో ఒకేలా పనిచేయదు.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 40 మందికి 28 రోజులపాటు గ్రీన్ టీ సారం ఇచ్చారు. రోజు మోతాదు ఐదు కప్పులకు సమానం. ఉత్తుత్తి మందు ఇచ్చినప్పటితో పోలిస్తే పరగడుపు షుగర్, మలంలోని కాల్‌ప్రొటెక్టిన్ తగ్గాయి. పేగు గోడలో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రొటీన్ అది. ఆశ కలిగించే ఫలితమే అయినా, చిన్న అధ్యయనం, ఒక్క నెల ముచ్చట. రక్తంలోని సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) మీద జరిగిన పరీక్షల్లో ఫలితాలు ఒక తీరుగా లేవు. రోజుకు రెండు మూడు కప్పులు మంచి అలవాటే, కానీ దాన్ని చికిత్సగా లెక్కవేయవద్దు. పాలు కలిపితే వాటిలోని కేసిన్ అనే ప్రొటీన్ కెటెచిన్లను పట్టేస్తుంది, కాబట్టి పాలు లేకుండా తాగండి. నిమ్మరసం నాలుగు చుక్కలు పిండుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి అల్సరేటివ్ కొలైటిస్. మెసలమైన్ ఆపి గ్రీన్ టీ కాప్సూల్స్ ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: వద్దమ్మా. అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే జబ్బు, దాన్ని అదుపులో ఉంచే మందే మెసలమైన్. ఆ మందు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. కాప్సూల్స్ కప్పు టీ లాంటివి కావు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ ఉన్న సప్లిమెంట్లతో కాలేయ ఎంజైములు పెరగడాన్ని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో గుర్తించింది. పరగడుపున మింగితే ఈజీసీజీ ఒంటికి మరింత ఎక్కువగా పడుతుంది. ఇప్పటికే వేసుకుంటుంటే ఆపి డాక్టరుకు చెప్పండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే కాలేయ పరీక్ష చేయించండి. విరేచనాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో కప్పు టీ కూడా ఆపండి, కెఫీన్ పేగుల కదలికను పెంచుతుంది. జబ్బు అదుపులో ఉన్నప్పుడు పలచగా కాచిన ఒక కప్పుతో మొదలుపెట్టవచ్చు, ఆ సంగతి కూడా చూసే డాక్టరుకు తెలిసి ఉండాలి.