సుగ్గికి పోయిన ఊళ్లో ప్రార్థన ఎవరు చేయాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది కోసిగి దగ్గర ఒక పల్లె. రెండేళ్లుగా పత్తి చేతికి రాలేదు. ఒక ఏడు వాన లేక, ఇంకో ఏడు కాయ పగిలే టైముకు వాన ఆగక. దసరా అయిపోగానే మా వీధి వీధంతా సుగ్గికి పోయింది, గుంటూరు వైపు మిరపకాయల కోతకు. మా ఆయన, మా పెద్దోడు కూడా పోయినారు. మా అత్తకు నడవలేని స్థితి కాబట్టి నేను, చిన్నపిల్ల ఇక్కడే ఉన్నాం. ఆదివారం గుడికి పోతే పది మంది ముసలోళ్లే ఉంటారు. పోయిన నెల కూటం పెట్టిన ఒక ప్రసంగీకుడు, ఈ ఊళ్లో దాచిన పాపం ఉంది, అందుకే దేవుడు ఆకాశం మూసినాడు, విశ్వాసంతో విత్తన కానుక వేస్తే తలుపు తెరుచుకుంటుంది అన్నాడు. కమ్మలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బులో ఐదు వందలు వేసినాను. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఇప్పుడు మోకాళ్లూనితే నోట మాట రావడం లేదక్కా. నా విశ్వాసం పోయినట్టేనా?
ఒక చెల్లెలు, కోసిగి మండలం

జవాబు: చెల్లీ, ముందు ఆ ఐదు వందల సంగతి తేల్చుకుందాం. నువ్వు దేవుడికని ఇచ్చావు, నీ మనసులో కల్మషం లేదు, నీ వైపు లెక్క అక్కడితో సరి. తప్పంతా అడిగినాయనది. వాన పడితే ఆయన ప్రార్థన గొప్ప, పడకపోతే నీ విశ్వాసం తక్కువ, ఎటు తిరిగినా ఆయనకు నష్టం లేని బేరం ఇది. పేద విధవరాలు రెండు కాసులు వేసిన కథ ఇలాంటి వాళ్లకు భలే ఇష్టం. మార్కు 12లో ఆ కథ 41వ వచనంలో మొదలవుతుంది, సరిగ్గా దానికి ముందు వచనంలో విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ మాయవేషంగా పొడుగు ప్రార్థనలు చేసే వాళ్ల గురించి యేసు ఏమన్నాడో మాత్రం మైకులో ఎప్పుడూ వినపడదు. ఇకమీద అప్పు తెచ్చి కానుక వెయ్యొద్దు. కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు సూటిగానే చెప్పాడు, ఎవరికైనా ఉన్నదాన్ని బట్టే లెక్క, లేనిదాన్ని బట్టి కాదని. వడ్డీకి తెచ్చిన డబ్బు లేనిదాని కిందికే వస్తుంది.

రెండోది, దాచిన పాపం. సిలోయంలో గోపురం కూలి 18 మంది చచ్చిపోయినప్పుడు, యెరూషలేంలో ఉన్న మిగతా అందరికంటే వీళ్లే పెద్ద పాపులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని ఆయనే జవాబు చెప్పాడు. లూకా 13లో ఉంది. ఆ వెంటనే మారుమనస్సు పొందమన్నాడు నిజమే, అయితే ఆ మాట ప్రాణాలతో నిలబడి వింటున్న వాళ్లందరికీ చెప్పాడు, రాళ్ల కింద పడినవాళ్ల మీద నేరం మోపలేదు.

మన జిల్లాకు కరువు కొత్త కాదు. మా అవ్వల కాలం దాకా ధాత కరువు అని చెప్పుకునేవాళ్లు, 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనిలో పొద్దంతా మట్టి మోసిన మనిషికి ఒక దశలో సర్కారు కట్టిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా లేదు. అదే సమయంలో ఈ దేశం ధాన్యం ఓడలెక్కి బయటి దేశాలకు పోతూనే ఉంది. వాన రాకపోవడం ఎవరి చేతిలోనూ లేదు, ఆకలి చావులు మాత్రం చాలావరకు మనుషుల చేతి పనే. పాపం ఎక్కడుందో వెతకాలని అంత ఉబలాటంగా ఉన్నవాళ్లు అక్కడ వెతుక్కోవాలి. ఆమోసు ప్రవక్త వెతికింది కూడా అలాంటి చోటే, దొంగ త్రాసులు పెట్టి, చెప్పుల జోడు ఇచ్చి బీదవాళ్లను కొన్న వాళ్ల దగ్గర. మీ గుళ్లో కూర్చున్న పది మంది ముసలోళ్ల మూటలు విప్పి చూస్తే ఏం దొరుకుతుంది?

ఇక నీ అసలు ప్రశ్న. మాట రాకపోతే విశ్వాసం పోయినట్టేనా అన్నావు. నేను అలా అనుకోవడం లేదు. కీర్తనల్లో మూడో వంతుకు పైగా ఏడుపులూ ఫిర్యాదులే ఉన్నాయి, 88వ కీర్తన అయితే చివరి మాట దాకా చీకటే, ఎక్కడా తెల్లవారదు. దాన్ని ఎవరూ కొట్టేయలేదు, బైబిల్లోనే ఉంచారు. హబక్కూకు అంజూరం పూయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్లో గొర్రెలు లేకపోయినా ఆనందిస్తానని చివర్లో పాడాడంటే, మొదటి అధ్యాయంలో ఎంతకాలం మొరపెట్టాలి, నువ్వు వినవా అని దేవుడితో గొడవ పడిన తర్వాతే పాడాడు. నువ్వు ఇంకా మొదటి అధ్యాయంలో ఉన్నావు, ఉండు, ఎవరో వచ్చి కూటంలో తొందరపెట్టారని మూడో అధ్యాయం పాట బలవంతాన పాడక్కర్లేదు. మాట రానప్పుడు ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మే మన కోసం వేడుకుంటాడని రోమా 8లో ఉంది కదా, ఈ ఏడాది నీ ప్రార్థన ఆ మూలుగే అనుకో.

ఇంకో సంగతి, నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే. పక్షవాతం ఉన్నవాణ్ని నలుగురు మోసుకొచ్చి, ఇంటి పైకప్పు విప్పి కిందికి దింపారు చూడు, అక్కడ యేసు చూసింది ఎవరి విశ్వాసం? "వారి విశ్వాసం" అని రాసి ఉంది. మంచం మీదున్నవాడు నమ్మాడో లేదో మార్కు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కష్టం ఒక్క ఇంటికి వచ్చినప్పుడు మిగతా ఊరు మోస్తుంది. ఊరంతటికీ ఒకేసారి వస్తే అందరూ మంచం మీదే ఉంటారు, మోసేవాళ్లు తక్కువవుతారు, అప్పుడే ఒక్కొక్కరికీ నా విశ్వాసమే చచ్చింది అనిపిస్తుంది. అందుకని ఆ పది మందిని తక్కువ చేసి చూడొద్దు. వచ్చే ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని, సుగ్గికి పోయిన ప్రతి ఇంటి పేరూ, ఆ ఇంట్లో మనుషుల పేర్లూ రాయండి. ప్రార్థన వేళ ఆ పేర్లు పైకి చదవండి. చదవడమే ప్రార్థన, పెద్ద మాటలు పేర్చనక్కర్లేదు, నీకు గొంతు రాకపోతే పక్కావిడ చదువుతుంది. సాయంత్రం మిరప చేల దగ్గర పట్టాల కింద వంట చేసుకునే టైముకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, మీ పేరు చదివినాం అని చెప్పండి. నెల కాకముందే అట్నుంచి ఎవరో ఒకరు నీ పేరు చదవడం మొదలుపెడతారు.

కొన్ని సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి తెస్తారు. మీ దగ్గర ఆ అలవాటు ఉంటే, ఈ సంవత్సరానికి ఆ బియ్యం అమ్మి ఫండులో కలపడం ఆపి, పొయ్యి వెలగని ఇంటికి నేరుగా పంపమని మీ అయ్యగారిని గట్టిగా అడుగు. రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెప్పగానే అంతియొకయ సంఘం చేసింది ఇదే, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పోగుచేసి బర్నబా, సౌలు చేత యూదయకు పంపించారు. ఎవరి పాపం అని అక్కడ ఎవరూ కమిటీ వేయలేదు. ఇంకొకటి, పోయినవాళ్లు రేషన్ బియ్యం అక్కడి డిపోలో కూడా తీసుకోవచ్చు, కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు, చాలామంది ఊరికే వదులుకుంటున్నారు. తల్లిదండ్రులతో పోకుండా పిల్లలు ఇక్కడే చదువుకోవడానికి సీజనల్ హాస్టల్ ఉందేమో స్కూల్లో కనుక్కోండి. ఇవన్నీ నోటుబుక్కులో పేరు పక్కనే రాసుకోండి.

ప్రశ్న: వందనాలు అక్కా. మా యవనస్థుల గుంపు కరువు సాయంగా బియ్యం, పప్పు పోగుచేసింది. విశ్వాస గృహానికి చెందిన వాళ్లకే ముందు ఇవ్వాలని కొందరు, అందరికీ ఇవ్వాలని కొందరు. అందరికీ ఇస్తే "బియ్యం పెట్టి మతం మారుస్తున్నారు" అంటారు, మనవాళ్లకే ఇస్తే "చూశారా" అంటారు. ఏం చేయమంటారు?
ఒక తమ్ముడు, ఆదోని

జవాబు: అందరికీ ఇవ్వండి తమ్ముడూ. గలతీ 6:10 మీవాళ్లు సగమే చదువుతున్నట్టున్నారు, ఆ వచనం అందరికీ మేలు చేయమనే మొదలవుతుంది. ఇంతకీ మీ సంచులు ఎన్ని? ఏ పేటలో ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో మీకు తెలుసు, లిస్టు అక్కణ్ణుంచి మొదలుపెడితే ఈ పంచాయితీ సగం తీరిపోతుంది.

మత మార్పిడి నింద గురించి ఒక పాత సంగతి చెప్తాను. ఆ ధాత కరువులోనే ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది వచ్చారు, ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం పంచుతున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలే ఆపేశాడు, బువ్వ కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె మన సంఘాల్లో చాలా గొప్పగా చెబుతారు, నాకైతే అంతకు ముందు ఆయన తలుపు మూసి కూర్చున్న నెలలే ఎక్కువ గొప్పగా తోస్తాయి. వచ్చినవాళ్ల మనసులో ఆకలి, కులం పెట్టిన బాధ, మర్యాదగా బతకాలన్న కోరిక, దేవుడు అన్నీ కలిసే ఉండి ఉంటాయి, వాటిని విడదీసి తూచడం మన పని కాదు. మీరు చేయగలిగింది, సంచి ఇచ్చేటప్పుడు కరపత్రం ఇవ్వొద్దు. ఫోటో తీయొద్దు, బ్యానర్ కట్టొద్దు. వాట్సాప్ స్టేటస్ కూడా వద్దు, తమ్ముడూ, చెయ్యి దురద పెట్టినా సరే.

ప్రశ్న: అక్కా, మాది పత్తికొండ వైపు. టమోటా ధర పడిపోయి, తెంపిన కూలి కూడా రాక గంపలు రోడ్డు పక్కనే పారబోసి వచ్చినాం. అప్పటి నుంచి మా ఆయన రాత్రులు నిద్రపోడు, మంచం మీద కూర్చుని ఉంటాడు. నేను లేకపోయినా మీరు బతకాలి అని రెండుసార్లు అన్నాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే, దేవుణ్ణి నమ్మినోళ్లకు పిచ్చి డాక్టరు ఎందుకు అంటాడు మా మరిది. ఉపవాస ప్రార్థన పెట్టించమంటారా?

జవాబు: ఉపవాసం వద్దమ్మా, ఆయనకు వేళకు అన్నం పెట్టు. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ఆయనకు వాక్యం చెప్పలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. మాటలన్నీ ఆ తర్వాతే, చాలా రోజుల తర్వాత, హోరేబు కొండ మీద. అంత పెద్ద ప్రవక్తకే అవసరమైంది మీ ఆయనకు అవసరం కాకుండా ఎలా పోతుంది? మీ మరిదికి ఈ ముక్క చదివి వినిపించు, 1 రాజులు 19.

"నేను లేకపోయినా" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆయన్ను నెమ్మదిగా, నేరుగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు, అడిగేవాళ్లున్నారని గుండె బరువు కొంచెం దిగుతుంది. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగాలేని వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి సాయం చేస్తారు, సర్కారుది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఆయన మాట్లాడకపోతే నువ్వే మాట్లాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల విభాగం ఉంది, ఎవరినైనా తోడు తీసుకుని పోండి, ఆయన్ను ఒంటరిగా వదలొద్దు. అప్పు సంగతి ఆయన ఒక్కడే మోయకుండా మీ అన్నదమ్ముల్లో నమ్మకమైన ఒకరిని కూర్చోబెట్టి, ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద పెట్టించు. పాస్టరుగారిని ఇంటికి పిలువు, అయితే ప్రసంగం వద్దని, అరుగు మీద ఆయన పక్కన కాసేపు ఊరికే కూర్చోమని ముందే చెప్పు. కష్టాల్లో ఉన్న యోబు దగ్గర ఆయన స్నేహితులు నోరెత్తకుండా కూర్చున్న ఏడు రోజులూ బాగానే ఉన్నారు పాపం, నోరు తెరిచాకే చెడగొట్టారు.

వీటన్నిటికంటే ముందు, టమోటాకు కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బాలు ఇంట్లోనో, గొడ్ల కొట్టంలోనో ఉండే ఉంటాయి. ఈ పత్రిక పక్కన పెట్టి, వాటిని తీసి ఆయనకు తెలియని చోట, మీ పుట్టింటివాళ్ల దగ్గరో ఇంకెవరి దగ్గరో తాళం వేయించు. ఇవాళే.