విమానం మెరవడానికి అప్పా? ముందు ఇంటి నిధి సంగతి చూడండి

ప్రశ్న: కిట్ తెచ్చుకుని ఆరేళ్లుగా ఇంటి గ్యారేజీలో రెండు సీట్ల అల్యూమినియం విమానం తయారుచేస్తున్నాను. ఇంజిన్ బిగించడం కూడా అయింది. పెయింట్ వేయించకుండా రేకునే అద్దంలా పాలిష్ చేయించాలని కోరిక. ఒక షాపువాళ్లు మొత్తం పని చేసిపెడతామన్నారు. వాళ్లు అడిగింది మా ఇంటి నాలుగు నెలల ఖర్చంత. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్‌కు దరఖాస్తు పెట్టాను, ఇంకా మంజూరు కాలేదు. చేతిలో ఆరు వారాల ఖర్చుకు సరిపడా డబ్బుంది. ఇద్దరు పిల్లలు, సంపాదన నా ఒక్కడిదే. విమానం ఎగిరాక సగం వాటా అమ్మి అప్పు తీర్చేస్తాను. పాలిష్ ఒక్కసారి పెట్టే ఖర్చే కదా, లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆరేళ్లపాటు చేతిలో ఉన్నంతలో ఒక్కో భాగం కొనుక్కుంటూ వచ్చిన మీరు, ఆఖరి మెట్టు దగ్గర ఓపిక పట్టలేక అప్పుకు వెళ్తున్నారు. ఇల్లు కట్టుకునేవాళ్లూ, దుకాణం పెట్టుకునేవాళ్లూ చేసే పొరపాటే ఇది. పునాది నుంచి పైకప్పు దాకా సొంత డబ్బు, పైపై మెరుగులకు అప్పు! అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబిస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. మీరు చెప్పిన వడ్డీకి, గడువుకు నెలవారీ కిస్తీ మీ ఇంటి నెల ఖర్చులో సుమారు 13.7 శాతం అవుతుంది. మూడేళ్లలో కట్టే వడ్డీయే దాదాపు ఒక నెల ఇంటి ఖర్చు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. జీతం ఆగినా కిస్తీ ఆగదు. అంటే చేతిలో ఉన్న ఆరు వారాల డబ్బుతో ఇప్పుడు 42 రోజులు నెట్టుకురాగల మీ అత్యవసర నిధి, లోన్ తీసుకున్న రోజునుంచే 37 రోజులకు పడిపోతుంది. ఒంటి సంపాదన మీద నడిచే ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. ఆ కిస్తీ మొత్తాన్నే ప్రతినెలా నిధిలో వేస్తే సుమారు 34 నెలల్లో మీరు ఆరు నెలల మార్కు చేరతారు. లోన్ గడువుకన్నా రెండు నెలల ముందే. ఈ రెండింటిలో ఏది చేయాలన్నది ఇంకా ప్రశ్నేనా?

వాటా అమ్మి తీరుస్తానన్న మాటను లెక్కలోకే తీసుకోను. ఇంకా ఒక్కసారి కూడా ఎగరని సొంత తయారీ విమానానికి కొనేవాళ్లు ఎప్పుడొస్తారో, ఎంతిస్తారో ఎవరూ చెప్పలేరు. రాని డబ్బును నమ్ముకుని నెలనెలా కట్టాల్సిన అప్పు తెచ్చుకోవడం ప్లాన్ కాదు, పందెం.

ఇక ‘ఒక్కసారి పెట్టే ఖర్చు’ అన్నారు. పాలిష్ విషయంలో అది అసలు నిజం కాదు. పెయింట్ వేస్తే చాలా ఏళ్లు కడగడమే పని. పాలిష్ చేసిన రేకు గాలి తగిలిన రోజునుంచే మళ్లీ మసకబారడం మొదలుపెడుతుంది. నీడపట్టున ఉంచినా ఏడాదికి ఒకటి రెండుసార్లు సన్నరకం కాంపౌండ్‌తో (పాలిష్ చేసే ముద్దతో) మొత్తం తిరిగి తుడవాలి. ఆరుబయట, ముఖ్యంగా ఉప్పుగాలి తగిలే చోట ఉంచితే ఆ పనికి అంతూపొంతూ ఉండదు. కాబట్టి హ్యాంగర్ (విమానం ఉంచే షెడ్డు) అద్దె కూడా పాలిష్ ఖర్చులో భాగమే. పైగా కౌలింగ్ (ఇంజిన్ మీది మూత), రెక్కల చివర్లు, చక్రాల తొడుగులు ఫైబర్‌గ్లాస్‌వైతే వాటికి ఎలాగూ పెయింట్ వేయాల్సిందే. ఆ లైను మీ బడ్జెట్‌లో కనపడలేదు.

ఇందులో మంచి వార్త ఏమిటంటే, విమానంలో వాయిదా వేయగలిగిన ఖర్చు ఏదైనా ఉందంటే అది మెరుపే. పాలిష్ లేకపోయినా, పెయింట్ లేకపోయినా విమానం ఎగురుతుంది. మొదటి టెస్ట్ ఫ్లైట్లలో నూనె కారడాలు, సర్దుబాట్లు, ప్యానెళ్లు విప్పి బిగించడాలు ఎలాగూ ఉంటాయి, గీతలూ పడతాయి. అవన్నీ తీరాక పాలిష్ మొదలుపెట్టడమే తెలివైన పని.

అప్పుడు కూడా షాపువాళ్లకు అప్పగించేముందు రేకు ఏమిటో తెలుసుకోండి. మీది 2024-టీ3 అల్‌క్లాడ్ అనే రకం రేకు అయితే, రాగి కలిసిన గట్టి మిశ్రమం మీద రెండు వైపులా దాదాపు శుద్ధ అల్యూమినియం పొర ఉంటుంది. మెరిసేదీ, తుప్పు నుంచి కాపాడేదీ ఆ పొరే. పల్చటి రేకుల్లో అది ఒక్కో వైపు మందంలో 5 శాతం. అంటే 0.032 అంగుళాల రేకు మీద 0.04 మిల్లీమీటర్లు మాత్రమే. తొందరలో ఉన్న పనివాడు గీత కనపడగానే నీటి సాండ్‌పేపర్, ముతక కాంపౌండ్ అందుకుంటాడు. పొర తెగిపోతే అక్కడ రంగు తేడాగా, కాస్త నల్లగా కనపడుతుంది. లోపలి మిశ్రమం తొందరగా గుంటలు పడుతుంది. పోయిన పొరను తిరిగి వేయలేం, ఆ చోటికి పెయింటే దిక్కు. 6061-టీ6 రేకు వాడే కిట్లలో ఈ పొర ఉండదు, తుప్పును అది సొంతంగానే బాగా తట్టుకుంటుంది. ఆ 0.04 మిల్లీమీటర్ల మీద చూపించాల్సిన జాగ్రత్త, మీ 42 రోజుల మీదా చూపించండి.

మీరే చేసుకుంటే కావలసింది ఒక రోటరీ కాంపౌండింగ్ మెషిన్ (ప్యాడ్‌ను గిరగిరా తిప్పేది), ఉన్ని ప్యాడ్లు, చివరి దశకు రెండు తలల ఆర్బిటల్ పాలిషర్ (ప్యాడ్లను చిన్న వలయాల్లో కదిపేది), దానికి తొడిగే మెత్తటి నూలు గుడ్డలు, మూడు రకాల కాంపౌండ్. ఈ సామాను నెలకొకటి చొప్పున మిగులు డబ్బుతో కొనుక్కోవచ్చు. ఆర్బిటల్ మెషిన్‌ను అద్దెకో, తోటి బిల్డర్ దగ్గరో తెచ్చుకున్నా సరిపోతుంది, దాని అవసరం ఆఖర్లోనే.

పని రెక్క అడుగు భాగంలో, ఎవరికీ కనపడని చోట మొదలుపెట్టండి. ముందు సన్నరకం కాంపౌండ్‌తో ప్రయత్నించి, చాలకపోతేనే ఒక మెట్టు ముతకకు వెళ్లండి. ఒకసారికి 60 సెంటీమీటర్ల చదరం చాలు. అక్కడక్కడా చిన్న చుక్కలు పెట్టి పల్చగా పరిచి, నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల (ఆర్‌పీఎం) మధ్య, రేకు మీద కనిపించే సన్నటి చారల దిశలోనే మెషిన్ నడపండి. మొదట నల్లటి మురికి వస్తుంది, తర్వాత అది తేలిపోయి మెరుపు బయటపడుతుంది. కాంపౌండ్ ఎక్కువైతే ఆ నలుపు జిగురులా పేరుకుంటుందే తప్ప పని ముందుకు సాగదు. ఒకేచోట ప్యాడ్ ఆపితే పల్చటి రేకు వేడెక్కి ఉబ్బుతుంది. ప్యానెల్ అంచుకు ఎదురుగా తిప్పితే ప్యాడ్ పట్టుకుని లాగేస్తుంది. ఒక్కో రకం కాంపౌండ్‌కు ఒక్కో ప్యాడ్. కలిపారా, ముతక రేణువు సన్నటి దశలో కొత్త గీతలు గీస్తుంది. రోటరీ వదిలిన సుడి గీతలను ఆర్బిటల్ తీసేస్తుంది, ఆ దశను ఎగ్గొడితే ఎండలో అవే కనపడతాయి.

రివెట్ల చుట్టూ, అతుకుల్లో ఇరుక్కున్న నలుపును మినరల్ స్పిరిట్ (పెయింట్ పల్చన చేసే ద్రవం), చెక్క పుల్ల, గుడ్డతో తీయండి. స్టీల్ ఊల్ ముట్టుకోవద్దు. దాని తునకలు రేకులో గుచ్చుకుని తుప్పుకు బీజం వేస్తాయి. క్షారం ఎక్కువున్న క్లీనర్లు కూడా అల్యూమినియాన్ని తినేస్తాయి. కానపీని (పైలట్ సీటు మీది పారదర్శక మూతను) మందపాటి గుడ్డతో కప్పండి. స్టాటిక్ పోర్టులకు (బయటి గాలి ఒత్తిడిని మీటర్లకు చేర్చే చిన్న రంధ్రాలకు) టేపు వేసి, పని కాగానే మరచిపోకుండా తీయండి. అవి మూసుకుపోతే ఎత్తు, వేగం చూపే మీటర్లు తప్పు చెబుతాయి.

మొత్తం విమానానికి వంద గంటలు దాటుతుందనే లెక్క వేసుకోండి. వారానికి నాలుగు గంటలు పెడితే ఆరు నెలల పైమాట. ఆ ఆరు నెలలూ మీ నిధి పెరుగుతూ ఉంటుంది.

మిగతా దారుల గురించి ఒక్కో మాట. సొంతంగా పెయింట్ వేయడం మంచిదే, కానీ కొన్ని కిలోల బరువు పెరుగుతుంది, తోకలో కదిలే భాగాలైన ఎలివేటర్, రడ్డర్‌ల బ్యాలెన్స్ మళ్లీ సరిచూడాలి. క్రెడిట్ కార్డు మీద సామాను కొని తర్వాత చూసుకుందామనుకుంటే, అది పర్సనల్ లోన్‌కన్నా అధ్వానం.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. టికెట్ కొని ఎక్కే విమానాలు తప్ప మిగతా విమానయానాన్ని మినహాయించే షరతు కొన్ని టర్మ్ (జీవిత బీమా) పాలసీల్లో ఉండొచ్చు. మొదటిసారి ఎగరకముందే మీ పాలసీ చదివి, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, అదనపు ప్రీమియం కట్టాల్సి వస్తే కట్టండి. విమానం బీమాలో టెస్ట్ ఫ్లైట్లకు వర్తింపు ఉందో లేదో విడిగా అడగండి. మీ మిగులు డబ్బులో ముందు వాటా దీనిది.

లోన్ ఇంకా మంజూరు కాలేదన్నారు కాబట్టి దరఖాస్తు ఈరోజే వెనక్కి తీసుకోండి. రేకుల మీద కంపెనీ అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా ఉంటే దాన్నీ ఈ వారమే ఒలిచేయండి. ఏళ్ల తరబడి ఉంచితే జిగురు గట్టిపడి ఊడిరాదు, దానికింద చేరిన తడి రేకు మీద మచ్చలు తెస్తుంది. ఆ మచ్చలు తీయడానికే ముతక కాంపౌండ్ వాడాల్సి వస్తుంది.