నీటిలో వేయగానే ముక్కలయ్యే పాత డెకాల్స్

మీ పాత 1/72 (అసలులో 72వ వంతు సైజు) హంటర్ యుద్ధవిమానం మోడల్ కిట్‌లోని డెకాల్స్, అంటే నీటిలో నానబెట్టి మోడల్‌పై అంటించే గుర్తులు, నీటిలో చెదిరిపోతున్నాయని అడిగారు. అది మీ చేతి తప్పు కాదు. వాటి పైపొర ఏళ్ల తరబడి ఎండి పెళుసుబారింది.

1. అవసరం లేని గుర్తును ఒకదాన్ని ముందు తడిపి చూడండి. పగిలితే మిగతావి ఇప్పుడే తడపకండి.

2. షీటంతటికీ పారదర్శకంగా మెరిసే లక్కర్ (వార్నిష్ లాంటిది) రెండు పలుచని పూతలు స్ప్రే చేసి, ఒక రోజు ఆరనివ్వండి. మహబూబ్‌నగర్ మధ్యాహ్నపు ఎండలో మాత్రం వద్దు, పూత గరుకుగా తేలుతుంది.

3. చాలామంది మరిచేది ఇక్కడే. లక్కర్ ఆరాక షీటంతా ఒకే పొర అవుతుంది. అందుకే ప్రతి గుర్తునూ రంగు అంచుకు దగ్గరగా, కొత్త బ్లేడుతో విడిగా కత్తిరించాలి. లేకపోతే పక్క గుర్తులూ కలిసి లేచివస్తాయి. తొందరపడకండి, ఆ గుర్తులు మళ్లీ దొరకవు.

4. గోరువెచ్చని ఫిల్టర్ నీరే వాడండి. బోరు నీరు ఆరాక తెల్లటి మరకలు మిగులుస్తుంది.