‘నీళ్ళు బాగా తాగండి, టెన్షన్ పడకండి’ అంటే సరిపోతుందా? ఉద్దానం పక్క నుంచి నా జవాబు

విజయనగరం జిల్లా నుంచి మీరు అడిగింది ఇది: నాన్నగారు జూట్ మిల్లులో షిఫ్టుల పని చేస్తారు. బీపీ ఉంది, ఈమధ్య షుగర్ కూడా మొదలైంది. ఉప్పు తగ్గించమని, రోజూ నడవమని, వేళకి నిద్రపొమ్మని, టెన్షన్ పడొద్దని డాక్టర్ గారు చెప్పారు. ఆయన ఒక్కటీ పాటించడం లేదు. అలవాట్లు మార్చుకుంటే జబ్బు నిజంగా అదుపులోకి వస్తుందా, మనిషే మారకపోతే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?

మొదటి దానికి జవాబు, వస్తుంది. ఉప్పు, నిద్ర, నడక, పొగాకు, వీటన్నిటి ప్రభావం బీపీ మీదా షుగర్ మీదా ఉంటుంది, అందులో అనుమానం లేదు. రెండో దానికి మాత్రం నా అనుభవం వేరే చెబుతోంది. నేను చూసిన ఇళ్ళలో మొండితనం వల్ల డాక్టర్ మాట వినని వాళ్ళు చాలా తక్కువ. ఎక్కువమంది రోజు గడిచే తీరులో ఆ మాట వినడానికి చోటే లేదు. ఆ చోటు ఎలా చేయాలో ఆలోచించాలి తప్ప మనిషిని తిడుతూ కూర్చుంటే లాభం లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మా అమ్మ చాలా ఏళ్ళు జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళింది. అక్కడ కూలి కిలోల లెక్క. ఎన్ని కిలోల పప్పు తీస్తే అంత డబ్బు. పొద్దున కూర్చుంటే భోజనం దాకా లేవరు, లేచిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది కాబట్టి. పిక్క పెంకులోంచి కారే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిదో ఆముదమో రాసుకుని పని చేసేవాళ్ళు. ఆ చేతులతో చెంబు ముట్టుకోవడం కూడా కష్టమే. వీటన్నిటినీ మించిన విషయం, ఆ షెడ్డులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు.

అమ్మకి తరచూ మూత్రంలో మంట, జ్వరం. వెళ్ళిన ప్రతిసారీ డాక్టర్ ‘నీళ్ళు బాగా తాగమ్మా’ అనేవారు. అమ్మ తలూపి వచ్చేది. ఇంటికొచ్చాక నేను సీసాలో నీళ్ళు పోసి ఇస్తే, “తాగితే మరెక్కడికెళ్ళాలే?” అనేది. నీళ్ళు తాగకపోవడం ఆమెకి అలవాటేమీ కాదు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా బయటికి వెళ్ళాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే ఆమె దగ్గరున్న ఒకే ఒక్క ఉపాయం. మన జిల్లాల్లో పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళని, బడుల్లో వంట చేసే వాళ్ళని, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిల్ని అడిగి చూడండి. ఇదే మాట వినిపిస్తుంది.

అది ఎలా మారిందంటే, పిక్కల సీజన్‌లో చేతులు చాలక యజమాని తొందరపడుతున్న రోజుల్లో ఆ వరసలో కూర్చునే ఆడవాళ్ళంతా కలిసి అడిగారు. షెడ్డు వెనక ఒక మరుగుదొడ్డి కట్టించారు. మొదట్లో దానికి తలుపుంది గానీ గడియ లేదు, ఎవరూ వెళ్ళలేదు. గడియ బిగించాక వెళ్ళడం మొదలుపెట్టారు. అమ్మ సీసా పట్టుకెళ్ళడం కూడా అప్పటినుంచే. మంట, జ్వరం బాగా తగ్గాయి. మందు చీటీ మీద ఏ డాక్టరూ ‘గడియ’ అని రాయరు, కానీ మా ఇంట్లో పనిచేసిన వైద్యం అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మా మావయ్య సంగతి. కవిటి వైపు ఊరు, కొబ్బరి తోటల్లో కూలి, కిడ్నీ జబ్బు మనిషి. ఉద్దానం గురించి మీరు వినే ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ప్రాంతం, కానీ ఊరూరా కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడి చాలామంది కిడ్నీ రోగులకి ముందు నుంచీ షుగర్ గానీ బీపీ గానీ ఉండదు. ఎండలో కష్టం చేసుకునే మామూలు మనుషులు. ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు జరుగుతున్నా ఇదే కారణం అని ఒక్కదాన్ని తేల్చలేదు. తాగేనీళ్ళు, ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు, వంశపారంపర్యం, ఇలా చాలావాటిని అనుమానించి చూస్తున్నారు. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల్లోనూ దాదాపు ఇలాంటి జబ్బే ఉంది. ఆ చెరకు తోటల్లో కొన్నిచోట్ల పనిగంటల మధ్య విశ్రాంతి, నీడ, చల్లటి నీళ్ళు కచ్చితంగా ఏర్పాటు చేస్తే కోత కాలంలో కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. అక్కడ కూలీలకి ఎవరూ ఆరోగ్య పాఠాలు చెప్పి వదిలేయలేదు, పని జరిగే పద్ధతినే మార్చారు.

మావయ్యకి నొప్పి మాత్ర రోజువారీ వ్యవహారం. పగలంతా చెట్లెక్కి దిగడం, రాత్రి ఒళ్ళు నొప్పులు, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక బిళ్ళ. మర్నాడు పనికి వెళ్ళకపోతే కూలి లేదు కాబట్టి ఆ బిళ్ళ ఆయనకి మందు కంటే కూలికి ఆధారం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఎక్కువకాలం, అందులోనూ ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు వేసుకుంటే కిడ్నీకి రక్తం అందడం తగ్గి హాని జరుగుతుంది. ఆయన జబ్బుకి అదే కారణమని నేను అనను. కానీ కిడ్నీ మీద అదనంగా పడిన భారం మాత్రం అది.

పరీక్ష చేయించుకోమని ఎంతమంది చెప్పినా వాయిదా వేశారు. దానికీ కారణముంది. కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఆ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందని పొక్కితే సంబంధం తప్పిపోతుందని భయం. ఉద్దానం ఊళ్ళకి పిల్లనివ్వడానికి, అక్కడి పిల్లని చేసుకోవడానికి బయటివాళ్ళు వెనకాడటం నిజంగానే ఉంది. “పెళ్ళయ్యాక చూద్దాంలే” అన్నారు అత్తతో. పెళ్ళయ్యాక వెళ్తే క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తపరీక్షలో తెలుస్తుంది) చాలా పెరిగి ఉంది. మామూలుగా పెద్దవాళ్ళలో అది డెసిలీటరు రక్తంలో 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది పెరిగినట్టు రిపోర్టులో కనిపించేసరికే కిడ్నీ పని సగం దాకా తగ్గిపోయి ఉండొచ్చు. నొప్పి లేదు కదా అని ఆగే జబ్బు కాదిది. ఆ ఆలస్యంలో ఊరివాళ్ళ నోటికి భయపడటానిదే పెద్ద పాత్ర.

కిడ్నీలు బాగా చెడ్డాక రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేసే డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. దానికి రాకపోకలు కలపండి, తోడు వెళ్ళే మనిషి కూలి కలపండి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకంలో చికిత్స ఉచితంగా అందినా, ఇంట్లో ఇద్దరి సంపాదన ఆగిపోతుంది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలకు పెరగడం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో ఉద్దానానికి మంచినీళ్ళు తెచ్చే పథకం రావడం, ఇవన్నీ మా వాళ్ళకి ఎంత ఊరటో చెప్పలేను. ఒకప్పుడు విశాఖ దాకా వెళ్ళాల్సి వచ్చి, చార్జీలు లేక మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారు. ఆసుపత్రి ఎంత దూరంలో ఉందన్నది కూడా ఆరోగ్యాన్ని నిర్ణయించే విషయమే.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఎందుకంటే చాలామంది పొరబడతారు. ‘నీళ్ళు బాగా తాగండి’ అన్నది అందరికీ వర్తించదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి నీళ్ళు కొలత ప్రకారమే ఇవ్వాలి. కొబ్బరినీళ్ళు, పనసపండు పొటాషియం ఎక్కువున్నవి, కిడ్నీ పాడైనవాళ్ళకి గుండె లయ తప్పేంత ప్రమాదం తేగలవు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లున్న మనిషికి బొండం వద్దని చెప్పడం ఎంత కష్టమో మా అత్తని అడగాలి.

ఇప్పుడు మీ నాన్నగారి టెన్షన్ దగ్గరికి వస్తాను. లండన్ ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం అని ఒకటి 1967లో మొదలైంది. వాళ్ళెవరూ కటిక పేదలు కాదు, అందరికీ ఉద్యోగం, జీతం ఉన్నాయి. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ళు గుండెజబ్బుతో చనిపోవడం పై అధికారుల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ అని తేలింది. సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగమే తగ్గింది. తర్వాత 1985లో మొదలైన రెండో అధ్యయనంలో తమ పని మీద తమకి అదుపు తక్కువ ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ఎక్కువ వచ్చినట్టు కనిపించింది. అందులో ముఖ్యపాత్ర వహించిన మైకేల్ మార్మట్ అధ్యక్షతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008లో ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక పరిస్థితుల మీద నివేదిక ఇచ్చింది.

ఇది మీ ఇంటికి ఎలా వర్తిస్తుందంటే, షిఫ్టు ఎప్పుడు మారుతుందో, మిల్లు వచ్చే నెల నడుస్తుందో మూస్తారో తెలియని మనిషికి ‘టెన్షన్ పడకండి’ అని చెప్తున్నాం. ఆ టెన్షన్ ఆయన తెచ్చిపెట్టుకున్నది కాదు కదా. రాత్రి షిఫ్టుల వల్ల నిద్ర చెడితే బీపీ, షుగర్ పెరిగే ప్రమాదం ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నదే. పగలు రేకుల ఇంట్లో వేడికి, వీధి చప్పుడుకి ఆయనకి ఎంత నిద్ర పడుతోందో ఒకసారి గమనించండి. నడవమన్నారు సరే, రాత్రంతా మగ్గాల మధ్య నిలబడి వచ్చిన కాళ్ళతో మళ్ళీ వాకింగ్ ఎలా వెళ్తారు?

తిండి సంగతి కూడా ఇంతే. మా తాతల కాలంలో చోడి (రాగి) అంబలి, గంటెలు (సజ్జలు), ఉలవలు తిన్నారు, ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం అని పెద్దవాళ్ళు నిష్ఠూరంగా అంటారు. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళలో ఆకలి తీరిందో కూడా వాళ్ళే చెబుతారు. చవగ్గా దొరికేది బియ్యమైతే పళ్ళెంలో బియ్యమే ఉంటుంది. కూరగాయలు కొనలేని రోజున ఎండుచేప, పచ్చడి అన్నాన్ని దాటిస్తాయి, ఉప్పు వాటితోనే లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే సుమారు ఒక టీ చెంచా. ఇప్పుడు తినే ఉప్పుని ఒక్కసారిగా అంతకి తగ్గించాలంటే ఎవరికీ సాధ్యం కాదు. మా ఇంట్లో పచ్చడి రోజుకి ఒక్క పూటే అని పెట్టుకున్నాం, అన్నంలో విడిగా ఉప్పు కలపడం మానేశాం. కూరలో ఉప్పు జోలికి వెళ్ళలేదు, అందుకే అది నిలబడింది. చోడి అంబలి పొద్దున పూట మళ్ళీ మొదలుపెట్టాం. అమ్మకి ఇష్టమైనదే కాబట్టి బతిమాలాల్సిన అవసరం రాలేదు.

మీరు చేయగలిగినవి చెబుతాను. నాన్నగారిని ‘ఎందుకు చేయరు’ అని అడగొద్దు, నిలదీసినట్టు ఉంటుంది. తీరిగ్గా కూర్చుని ఆయన రోజు ఎలా గడుస్తుందో చెప్పించుకోండి. ఎన్నింటికి తింటారు, డ్యూటీలో ఏం కొనుక్కుంటారు, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఎన్నింటికి కన్ను మూతపడుతుంది. దాంట్లోనే మీకు పట్టు దొరికే చోటు ఒకటి కనిపిస్తుంది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన రోజు ఇంట్లో ఆయన పడుకునే గది చీకటిగా ఉంచి, ఫోన్లు, టీవీ తగ్గించడం ఇంటిల్లిపాది చేయగలిగిన పని. షిఫ్టు మార్పిడి గురించి ఆయన ఒక్కరే అడిగితే జరగకపోవచ్చు, అదే ఇబ్బందిలో ఉన్న నలుగురు కలిసి డాక్టర్ చీటీతో సూపర్‌వైజర్‌ని అడిగితే వినే అవకాశం ఉంటుంది. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి బీపీ, షుగర్ పరీక్షలు ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల ద్వారా జరుగుతాయి. మీ అమ్మగారికి కూడా చేయించండి, ఇంట్లో అందరికంటే చివర తినే మనిషి గురించి అందరూ చివరే ఆలోచిస్తారు.

మాత్రలు ఖరీదనిపించి మధ్యలో మానేస్తున్నారేమో కనుక్కోండి. బీపీ, షుగర్ మందులు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, జనరిక్ మందుల షాపులో కూడా చవగ్గా దొరుకుతాయి. ఆయన వాడే నొప్పి మాత్రల అట్టలు ఉంటే అవి కూడా తీసుకుని ఈసారి డాక్టర్ దగ్గరికి మీరే తోడు వెళ్ళండి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక రకం ప్రోటీన్) పరీక్షలు తప్పకుండా రాయించుకోండి, ఏడాదికోసారి వాటిని మళ్ళీ చేయించండి.