సునామీ సైరన్ మోగిన రోజు పర్సులో 4,000 యెన్‌లు

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా వారు అమెరికా నేవీలో పనిచేస్తున్నారు. రెండేళ్లుగా జపాన్‌లోని యొకోసుకాలో, బేస్ బయట అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇద్దరు చిన్నపిల్లలు. ఏడాదిలో సగం రోజులు ఆయన షిప్ మీదే ఉంటారు. 2025 జూలై 30న రష్యాలోని కంచట్కా భూకంపం తర్వాత ఇక్కడ సునామీ హెచ్చరిక వస్తే, పిల్లల్ని తీసుకుని ఒక్కదాన్నే గుట్ట మీదికి వెళ్లాను. పర్సులో 4,000 యెన్‌లే ఉన్నాయి. అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది. ఆయన పేరు మీదున్న అకౌంట్‌లో 900 డాలర్లున్నాయి. 9,000 డాలర్ల లిమిట్ ఉన్న కార్డు ఉంది, దాని మీద బాకీ లేదు, దాన్నే ఎమర్జెన్సీకి అట్టిపెట్టుకున్నాం. వైజాగ్ ఫ్లాట్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 2,500 డాలర్లు, అన్నీ పోను 500 మిగులుతాయి. ఇప్పుడు 17 శాతం వడ్డీతో ఐదేళ్లకు 15,000 డాలర్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. దాంతో భోగాపురం వైపు ప్లాట్ కొందామని ఆలోచన. పెద్ద భూకంపం వస్తే ప్రభుత్వమే మమ్మల్ని తరలిస్తుంది కదా, అమ్మ వాళ్లింటికి వచ్చేస్తాం. ప్లాట్ కొనొచ్చా?

జవాబు: కొనొద్దు. లోన్ అసలే వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ప్లాట్ కోసం కాదు. విదేశాల్లో ఉండే చాలా కుటుంబాలు, ముఖ్యంగా నెలనెలా టంచనుగా జీతం పడే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, మీలాగే కార్డు లిమిట్‌ని సొంత డబ్బు లెక్కలో వేసుకుంటారు. దానికి ‘పెద్ద కష్టం వస్తే పైవాళ్లు చూసుకుంటారు’ అన్న ధీమా తోడవుతుంది. ఈ రెండూ చాలు కదా అని చేతిలో ఒక్క నెల ఖర్చు కూడా లేకుండా ప్లాట్ల బేరాలకు దిగుతారు.

మీరున్న ఊళ్లోనే ఒకసారి ఏం జరిగిందో చూడండి. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కు ఈశాన్య జపాన్‌లో తోహోకు భూకంపం వచ్చింది. అమెరికా సైనిక కుటుంబాలు కావాలనుకుంటే వెళ్లిపోవచ్చని అనుమతి రావడానికి దాదాపు వారం పట్టింది. ఆ వారం ఎలా గడిచిందో ఆలోచించండి. 14 నుంచి టోక్యో చుట్టుపక్కల వంతులవారీ కరెంటు కోతలు మొదలయ్యాయి. 15న మిజుహో బ్యాంకు సిస్టమ్‌లో మొదలైన సమస్య ముదిరి, 19 నుంచి మూడు రోజులు ఆ బ్యాంకు ఏటీఎంలు మూతపడ్డాయి. డాలర్ల జీతం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ. భూకంపానికి ముందు 83 దగ్గరున్న డాలర్ 17న 76 యెన్‌ల దాకా పడిపోయింది. విపత్తు జపాన్‌లో వస్తే యెన్ పడిపోతుందనే ఎవరైనా అనుకుంటారు, జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. వంద డాలర్లకు అంతకుముందు వారం 8,300 యెన్‌లు వస్తే, ఆ వారం 7,600 వచ్చాయి. ఇక 21న విమానవాహక నౌక జార్జ్ వాషింగ్టన్ యొకోసుకా నుంచి సముద్రంలోకి వెళ్లిపోయింది. ఉండాలా వెళ్లాలా అని ఇంట్లో తేల్చుకోవాల్సిన రోజుల్లో భర్త షిప్ మీద, భార్య పిల్లలతో ఒడ్డున.

మీ కార్డు ఆ వారంలో ఎంతవరకు పనికొచ్చేదో మీరే చెప్పండి. మీది వైజాగ్ కాబట్టి 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాతి రోజులు గుర్తుండే ఉంటాయి. కరెంటు, ఫోన్ సిగ్నల్ లేని ఊళ్లో పాలు, నీళ్లు నోట్లు ఇచ్చి కొన్నారు.

ప్రభుత్వం తరలిస్తుందన్నది నిజమే. కానీ ఎక్కడికి? ఆ ఏర్పాటు మామూలుగా అమెరికాకు, విశాఖకు కాదు. ఇండియాకే వెళ్తామంటే దానికి ప్రత్యేకంగా అనుమతి ఉండాలి. అది దొరుకుతుందో లేదో, ఏ కాగితాలు పెట్టాలో మీ వారి కమాండ్‌లో, అంటే ఆయన పనిచేసే యూనిట్‌లో, ఇప్పుడే అడగండి. అనుమతి లేకపోతే ముగ్గురి టికెట్లూ మీ జేబులోంచే. అమెరికాలో దిగాక రోజువారీ భత్యం ఇస్తారు. మొదటి 30 రోజులు పూర్తిగా, తర్వాత తగ్గించి, గరిష్ఠంగా 180 రోజుల వరకు. బంధువుల ఇంట్లో దిగితే అందులో హోటల్ భాగం రాదు. పైగా రసీదులు పెట్టి క్లెయిమ్ చేసుకోవాలి, అంటే చాలా ఖర్చు ముందు మీరు పెట్టుకుని తర్వాత రాబట్టుకునేదే. వైజాగ్ ఫ్లాట్ ఈఎంఐ మాత్రం మీరు ఏ దేశంలో ఉన్నారని అడగదు, ఐదో తారీఖు రాగానే కట్ అవుతుంది.

డీడీ 1337 అనే ఫారం ఒకటుంది. తరలించాల్సి వస్తే ఆయన మూల వేతనంలో రెండు నెలల దాకా అడ్వాన్సుగా మీకు ఇవ్వొచ్చని ఆయన ముందే రాసిచ్చే కాగితం. మీ తరలింపు ఫైల్‌లో అది నింపి, సంతకంతో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. చాలా ఇళ్లలో ఖాళీగానే ఉంటుంది. ఉన్నా సరే, అది ఉచితంగా వచ్చే డబ్బు కాదు, రాబోయే జీతం. తర్వాత కోత పడుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టినది మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన ముక్క: ‘ఆయన పేరు మీదున్న అకౌంట్’. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? ఆ ఫోన్ ఎక్కడుంది? షిప్‌లో కమ్యూనికేషన్లు ఆపేశారంటే రోజుల తరబడి ఆయనకు మెసేజ్ కూడా చేరదు. అప్పుడు ఆ 900 డాలర్లు ఉన్నట్టా, లేనట్టా? ఇండియాలో ఈఎంఐ కట్ అయ్యే అకౌంట్‌దీ ఇదే కథ అయ్యుంటుంది. ఆయన ఒడ్డున ఉన్నప్పుడే అకౌంట్‌ని జాయింట్‌గా మార్పించండి. మీ ఒక్కరి పేరు మీద, మీ ఫోన్‌కే ఓటీపీ వచ్చే అకౌంట్ ఇంకొకటి తెరవండి. బేస్ లీగల్ ఆఫీసులో పవర్ ఆఫ్ అటార్నీ ఉచితంగా రాసిస్తారు, అదీ చేయించుకోండి.

ఇప్పుడు లోన్ లెక్క. 15,000 డాలర్లు, 17 శాతం, ఐదేళ్లు అంటే నెలకు సుమారు 373 డాలర్లు. మొత్తం కట్టేది 22,300 పైనే, అందులో వడ్డీ 7,300 దాటుతుంది. మీ మూడు నెలల ఖర్చు 7,500. అంటే మీకు లేని ఎమర్జెన్సీ ఫండ్ మొత్తాన్నీ దాదాపుగా వడ్డీ కింద అప్పిచ్చినవాడికి సమర్పిస్తున్నారు! మిగిలే 500లో 373 పోతే చేతికి 127. ఇప్పుడున్న 900 కలుపుకున్నా, దాంతో 7,500 పోగవ్వాలంటే నాలుగేళ్లు దాటుతుంది, ఈలోగా ఆయన పోస్టింగే మారిపోతుంది. అదే లోన్ లేకుండా 500 చొప్పున వేస్తే ఏడాది మీద రెండు నెలల్లో పని పూర్తి. భోగాపురం దగ్గర రేట్లు పెరుగుతాయా అంటే పెరగొచ్చు. మీరు జపాన్‌లో కూర్చుని, హద్దులు కూడా కళ్లారా చూడని స్థలాన్ని అప్పు మీద కొనడానికి అది కారణం కాదు. సైనికులకు 36 శాతం మించి వడ్డీ వేయకూడదని అమెరికాలో చట్టం ఉంది కాబట్టి 17 తక్కువే అని ఎవరో మీకు చెప్పే ఉంటారు. ఆ చట్టం పెట్టాల్సి వచ్చిందే బేస్‌ల చుట్టూ చేరిన అప్పుల దుకాణాల వల్ల. దాంతో పోల్చి చవక అనడం నాకైతే ఒళ్లు మండే మాట.

ఫండ్ ఇలా మొదలుపెట్టండి. ఈ నెలే 50,000 యెన్‌లు తీసి ఇంట్లో, పాస్‌పోర్టులు పెట్టే సంచిలోనే ఉంచండి. వెయ్యి నోట్లే ఎక్కువ, కొంత చిల్లర. రెండు మూడు నెలల్లో దాన్ని లక్ష చేయండి. తర్వాత మీ పేరు మీది అకౌంట్‌లో 2,500 డాలర్లు చేరేదాకా ఇంకే ఆలోచనా వద్దు. ఆ పైన మూడు ఈఎంఐలకు సరిపడా ఇండియా అకౌంట్‌లో వేసి, మిగతాది నింపుకుంటూ వెళ్లి 7,500 చేయండి. ఈలోగా నిజంగానే అవసరం పడితే కార్డు గీకే ముందు నేవీ-మెరైన్ కోర్ రిలీఫ్ సొసైటీ తలుపు తట్టండి. వడ్డీ లేని అప్పు ఇస్తారు, పరిస్థితిని బట్టి తిరిగి కట్టనక్కర్లేని సాయమూ చేస్తారు. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకుని బయట పెద్ద వడ్డీకి తెచ్చుకునేవాళ్లను చూస్తే జాలి కన్నా కోపమే ఎక్కువ వస్తుంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు. అద్దె ఇంటికి తీయించిన ఫైర్ ఇన్సూరెన్స్‌లో భూకంపం ఉండదు. జపాన్‌లో దాన్ని విడిగా జత చేయించుకోవాలి, అదీ ఫైర్ పాలసీ మొత్తంలో 30 నుంచి 50 శాతం వరకే. స్వల్ప నష్టమైతే చేతికొచ్చేది ఆ మొత్తంలో 5 శాతం మాత్రమే. అమెరికా కంపెనీ పాలసీ ఉంటే భూకంపం, వరద కలిసి ఉన్నాయో లేదో కాగితం తీసి చదవండి. కారుకు తీసుకునే తప్పనిసరి ఇన్సూరెన్స్ మీ కారుకు పైసా ఇవ్వదు.

మీ వారి లైఫ్ ఇన్సూరెన్స్‌లో నామినీ పేరు పెళ్లికి ముందుదే ఉండిపోయిందేమో చూసుకోండి. రిటైర్మెంట్ పొదుపును ఇప్పుడున్నట్టే సాగనివ్వండి, దాని మీద లోన్ తీయొద్దు. ప్లాట్ గురించి 7,500 నిండాక, ఆయన తర్వాతి పోస్టింగ్ ఆర్డర్స్ వచ్చాక మళ్లీ రాయండి.