180 కనెక్షన్ల దగ్గర ఆగిపోయిన ఫైబర్ వ్యాపారం: కొత్తవాళ్ళకంటే ముందు మానేసినవాళ్ళను లెక్కపెట్టండి

మీరు రాసిందాన్నిబట్టి సంగతి ఇది. నాన్నగారి కేబుల్ టీవీ మీ చేతికి వచ్చింది. రెండేళ్ళ కిందట ఒక కంపెనీ దగ్గర ఫైబర్ ఇంటర్నెట్ ఫ్రాంచైజీ తీసుకున్నారు. మొదటి ఏడాదిలో 180 కనెక్షన్లు వచ్చాయి, అప్పటినుంచి కదలిక లేదు. జియో, ఎయిర్‌టెల్ వాళ్ళు మీ టౌన్‌లో దిగారు. ఇప్పుడు రేటు తగ్గించాలా, పక్క ఊళ్ళకు లైన్ లాగాలా, రెండో కంపెనీని కూడా తీసుకోవాలా అని అడుగుతున్నారు.

మూడింటికీ నా జవాబు ఒక్కటే: ఇప్పుడే వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. మీరున్న చోటే నేనూ ఏడాదిన్నర నిలబడిపోయాను.

మాది గుడివాడ దగ్గర. 1999లో కోయాక్సియల్ (పాత రాగి తీగ) కేబుల్‌తో మొదలుపెట్టి 2018లో ఫైబర్‌కి మారాం. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమై, నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నాక, ఇంటర్నెట్‌ను కూడా కేబుల్ బిల్లులా నెలనెలా కట్టే ఖర్చుగా మా ఊళ్ళవాళ్ళు చూడటం మొదలైంది. తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. హైదరాబాద్, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలంతా ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్ళకు వచ్చేశారు. ఆ ఏడాది మేము ఎవరినీ అడగలేదు, వాళ్ళే ఫోన్ చేసి అడిగారు. 210 దాకా వెళ్ళాం. అక్కడ ఆగిపోయింది. నేనూ మీలాగే రేటు గురించే ఆలోచించాను.

2022 సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి ఇంటికి వచ్చింది. బీకాం చదువుతోంది అప్పుడు. కంపెనీ పోర్టల్‌లోని లిస్టు, నా రీఛార్జ్ పుస్తకం పక్కపక్కన పెట్టి కూర్చుని లెక్క తీసింది. అంతకుముందు ఏడాదిలో కొత్తగా పెట్టిన కనెక్షన్లు 88. మానేసినవి 81. నేను ఆగిపోయాను అనుకున్నది ఆగిపోవడం కాదు. నెలకు ఏడు పెడుతున్నాను, నెలకు దాదాపు ఏడు పోగొట్టుకుంటున్నాను. ఒక కొత్త కనెక్షన్‌కి ఓఎన్‌యూ (ఇంట్లో బిగించే ఫైబర్ పెట్టె), డ్రాప్ కేబుల్ (వీధి లైన్ నుంచి ఇంటిదాకా లాగేది), మనిషి కూలి కలిపి నాకు 2,000 దాకా పడేది. 499 ప్లాన్ మీద నాకు వచ్చే వాటా సగం. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికే ఎనిమిది నెలలు. ఆలోపు మానేసిన ప్రతి ఇంటికీ నేను ఎదురు డబ్బు కట్టినట్టే.

ఆ 81 మందికీ నేనే ఫోన్ చేశాను. 64 మంది మాట్లాడారు. ఇల్లు మారినవాళ్ళు, ఆఫీసులు తెరిచాక సిటీకి తిరిగి వెళ్ళినవాళ్ళు 19 మంది. రేటు ఎక్కువని వేరే కంపెనీకి వెళ్ళినవాళ్ళు 9 మంది, అంతే. మిగతా 36 మంది చెప్పిందంతా మా పని గురించే. నెట్ పోతే ఎవరూ రాలేదు, ఫోన్ ఎత్తలేదు, వెనక గదిలో సిగ్నల్ రాదు, రీఛార్జ్ అయిపోయిందని ముందుగా చెప్పలేదు. ఒక రిటైర్డ్ టీచరమ్మ అన్న మాట నాకింకా గుర్తుంది: "నాలుగు రోజులు నెట్ లేదు. డబ్బులు వెనక్కి ఇమ్మని నేను అడగలేదు బాబూ, ఎప్పుడొస్తారో చెప్పమని అడిగాను."

అందుకే ముందు కంప్లైంట్ల సంగతి చూడండి. నా సొంత నంబరుకు వచ్చే కంప్లైంట్లన్నిటినీ వేరే నంబరుకు మార్చాను. ఒక పుస్తకం పెట్టాం: కంప్లైంట్ ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి బాగైంది, కారణం ఏమిటి. ఈ మూడే. మధ్యాహ్నం 12 లోపు చెప్పినవి అదే రోజు, తర్వాతవి మర్నాడు పొద్దున 10 లోపు అని పెట్టుకున్నాం. ఎక్కడైనా జేసీబీ కేబుల్ తెంపితే, ఆ లైన్ మీద ఉన్న ఇళ్ళన్నిటికీ వాట్సాప్‌లో వెంటనే పెడతాం: ఫలానా చోట తెగింది, సాయంత్రం 6 లోపు వస్తుంది అని. వాళ్ళు ఫోన్ చేసేలోపే మన మెసేజ్ వెళ్ళాలి. ఆ ఒక్క అలవాటుతో తిట్లు సగం తగ్గాయి.

మూడు నెలల పుస్తకం చూస్తే ఇంకో విషయం బయటపడింది. తిరిగి తిరిగి వచ్చే కంప్లైంట్లు ఓ 30 ఇళ్ళవే. ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెట్టి చూస్తే అన్నిచోట్లా రీడింగ్ మైనస్ 26, మైనస్ 27 డీబీఎం (మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). మీకు తెలిసే ఉంటుంది, ఒక ఫైబర్‌ను ఎనిమిదిగా పంచే 1:8 స్ప్లిట్టర్ ఒక్కొక్కటి దాదాపు 10 డీబీ సిగ్నల్ తింటుంది. రెండు దాటి వచ్చేసరికే 20 పైన పోతుంది. దానికి తోడు సరిగ్గా చెయ్యని జాయింట్లు, మడతపడిన డ్రాప్ కేబుల్, దుమ్ము పట్టిన కనెక్టర్ ఉంటే మామూలు ఓఎన్‌యూ పట్టుకోగలిగే హద్దుకు వచ్చేస్తుంది. ఎండ ఉన్న రోజు నడుస్తుంది, వాన పడగానే రెడ్ లైట్. లైన్‌మ్యాన్ వెళ్ళి కనెక్టర్ ఊడదీసి పెడితే మళ్ళీ రెండు రోజులు నడుస్తుంది. కస్టమర్‌కు విసుగు, మనకు పెట్రోలు ఖర్చు. ఆ 30 ఇళ్ళలో జాయింట్లన్నీ తీసేసి కొత్తగా స్ప్లైసింగ్ (ఫైబర్ కొసలను కరిగించి అతికించడం) చేయించి మైనస్ 23 లోపుకు తెచ్చాం. ఇప్పుడు కొత్త కనెక్షన్ పెట్టినప్పుడు మీటర్ రీడింగ్ ఫొటో పంపకపోతే మావాళ్ళకు ఇన్‌స్టాలేషన్ డబ్బులు ఇవ్వను.

అప్పటిదాకా స్ప్లైసింగ్‌కి విజయవాడ నుంచి మనిషిని పిలిపించేవాణ్ణి. వాళ్ళు వచ్చేసరికి ఒక్కోసారి రెండు రోజులు. అప్పు చేసి సొంత మెషిన్ కొన్నాను. ఈ వ్యాపారంలో నేను పెట్టిన ఖర్చుల్లో అంతకంటే మంచిది లేదు. మీ దగ్గర లేకపోతే, ప్రకటనలకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బు ఆపి ముందు అది కొనండి. పక్క ఊరి ఆపరేటర్‌తో కలిసి కొన్నా పరవాలేదు.

ఇంటి లోపలి వైఫై గురించి కూడా చెప్పాలి. మనవాళ్ళు రూటర్‌ను హాల్లో టీవీ పక్కన బిగించి, అక్కడే స్పీడ్ టెస్ట్ చూపించి వచ్చేస్తారు. పాత ఇళ్ళ గోడలు మందం. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. పిల్లాడు చదువుకునేది వెనక గదిలో. వాడికి నెట్ రాకపోతే "కనెక్షన్ బాగాలేదు" అంటారు కానీ "గోడ మందం" అనరు కదా. అందుకని ఇన్‌స్టాలేషన్ రోజే ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుని వాడతారో అడిగి ఆ గదిలోనే స్పీడ్ చూపించాలి. అవసరమైతే ల్యాన్ వైర్ లాగి రెండో రూటర్ పెడతామని, దానికి ఎంతవుతుందో అప్పుడే చెప్పేయాలి. కరెంటు పోతే రూటర్ ఆగిపోయే ఇళ్ళకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్న ధరకే ఇస్తున్నాను.

ఇవి సర్దుకున్నాకే మా లెక్క పైకి కదిలింది. మరుసటి ఏడాది మానేసినవి 81 నుంచి 34కి తగ్గాయి. కొత్తవి అదే వేగంతో వచ్చినా నికరంగా 50కి పైగా పెరిగాం. ఇప్పుడు 640 కనెక్షన్లు నడుస్తున్నాయి.

ఇక పక్క ఊరికి లైన్ లాగే విషయం. ముందు మీరు వీధుల్లో వేసిన బాక్సులు (ఇళ్ళకు లైన్లు విడదీసేవి) లెక్కపెట్టండి. అప్పట్లో నాకు 41 బాక్సులు, ఒక్కో దానిలో 8 పోర్టులు. మొత్తం 328. నిండినవి 210 మాత్రమే. అంటే 118 ఇళ్ళకు సరిపడే లైన్ అప్పటికే వీధిలో ఖాళీగా వేలాడుతోంది. ఆ ఇళ్ళకు కావలసింది డ్రాప్ కేబుల్, ఓఎన్‌యూ మాత్రమే. కొత్త ఊరైతే నాలుగు కిలోమీటర్ల కేబుల్, స్తంభాల అనుమతి, స్ప్లైసింగ్, ఆపైన కంప్లైంట్ వస్తే అంతదూరం మనిషి వెళ్ళాలి. ఖాళీ పోర్టులున్న ఒక్కో బాక్సు చుట్టూ ఉన్న ఇళ్ళ పేర్లు రాసుకుని, ఆ వీధిలో ఇప్పటికే మన నెట్ బాగా వాడుతున్న ఇంటావిడతోనే పక్కింటికి చెప్పించాం. చెప్పినవాళ్ళకు ఒక నెల ఉచితం. కరపత్రాలకంటే ఇది చాలా బాగా పనిచేసింది.

స్తంభాల మీద జాగ్రత్తగా ఉండండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ సిటీలో స్తంభాల మీది కేబుళ్ళు తెంపుకుంటూ వెళ్ళింది, ఎంతోమందికి నెట్ ఆగిపోయింది. వాడని పాత కోయాక్సియల్ వైర్లు ఇప్పుడే దింపేయండి. వేలాడే లూపులు కట్టించండి. ఊరేగింపులు వెళ్ళే వీధుల్లో మన కేబుల్ ఎంత ఎత్తులో ఉందో వినాయక చవితికి ముందు ఒకసారి స్వయంగా నడిచి చూసుకోండి. ఇది వ్యాపారం కోసం మాత్రమే కాదు, మనుషుల ప్రాణాల సంగతి.

రేటు తగ్గించడం గురించి. పెద్ద కంపెనీ 399 అని బోర్డు పెడితే, 18 శాతం జీఎస్టీ కలిపితే 471 అవుతుంది. మీరు 471 అని చెప్పి, వాళ్ళు 399 అని చెబితే మీరు ఖరీదుగా కనిపిస్తారు. రెండూ పన్నుతో కలిపి కాగితం మీద రాసి చూపించండి. అంతకుమించి రేటు తగ్గిస్తే నష్టపోయేది మనమే. వాళ్ళు ఒక ఊళ్ళో వచ్చిన నష్టాన్ని ఇంకో ఊళ్ళో పూడ్చుకోగలరు, మనకున్నదే ఒక ఊరు. డిష్ లాంటి పెట్టె బిగించి 5జీతో నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ కూడా 2023 నుంచి ఉంది. వైర్ లేకుండా వస్తుంది కాబట్టి కొందరు అటు వెళ్తారు, కొందరు తిరిగి వస్తారు. దాని గురించి టెన్షన్ పడకండి.

రేటు చూడకుండా నికరమైన లైన్ కోసం చూసేవాళ్ళు మీ ఏరియాలో ఎవరో వెతకండి. మా దగ్గర రెండు రకాలు దొరికారు. ఒకటి, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు. డల్లాస్‌లో రాత్రి 8 అంటే మనకు వేసవిలో పొద్దున 6:30, చలికాలంలో 7:30. ఆ గంటలో వీడియో కాల్ రాకపోతే ఆ ఇంట్లో ఆ రోజంతా బెంగే. వీళ్ళకోసం పొద్దున 6 నుంచి ఒక మనిషిని డ్యూటీలో పెట్టాను. పిల్లలే ఏడాది ప్లాన్ ఒకేసారి కట్టేస్తారు, రీఛార్జ్ గొడవే లేదు. సంక్రాంతికి పది రోజుల ముందు ఈ ఇళ్ళన్నిటికీ వెళ్ళి లైన్ చెక్ చేసి వస్తాం. పండక్కి వచ్చిన బంధువులు ఆ నెట్ చూసి వాళ్ళ ఊళ్ళో అమ్మానాన్నలకు కూడా అడుగుతారు. రెండోది, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువులవాళ్ళు. రాత్రిపూట ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో ఇంటి దగ్గర నుంచే ఫోన్లో చూసుకోవాలి. సీసీ కెమెరాలకు అప్‌లోడ్ స్పీడ్ ముఖ్యం, అది ఫైబర్‌లోనే నికరంగా వస్తుంది. మీ దగ్గర చెరువులు లేకపోతే కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, కోచింగ్ సెంటర్లు ఉంటాయి.

రెండో కంపెనీ సంగతి. దాన్ని కనెక్షన్లు పెరగడానికి కాదు, భద్రత కోసం ఆలోచించండి. నేను మొదట పనిచేసిన కంపెనీ ఒకరోజు ఒక మెయిల్‌తో నా షేరు తగ్గించింది. ఎగ్రిమెంట్ తీసి చదివితే అలా చేసే హక్కు వాళ్ళకుంది, సంతకం పెట్టింది నేనే. మీరు కూడా మీ కాగితాలు తీసి చూడండి: వీధిలో ఫైబర్ ఎవరిది, ఓఎల్‌టీ (ఇళ్ళ ఫైబర్ లైన్లన్నీ వచ్చి కలిసే పెట్టె) ఎవరిది, కస్టమర్‌ను వేరే కంపెనీకి మార్చకూడదన్న నిబంధన ఉందా, మానుకోవాలంటే ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలి. ఫైబర్, ఓఎల్‌టీ రెండూ మీవైతే, ఎగ్రిమెంట్ ఒప్పుకుంటే, అదే ఓఎల్‌టీ మీద వేర్వేరు వీలాన్‌లతో (ఒకే లైన్ మీద నెట్‌ను విడివిడిగా నడిపే ఏర్పాటు) రెండు కంపెనీల నెట్ ఇవ్వొచ్చు. ఒకటి మాత్రం చెయ్యొద్దు. లైసెన్స్ లేకుండా లీజ్డ్ లైన్ (అద్దెకిచ్చే ప్రత్యేక ఇంటర్నెట్ లైన్) కొని ఇళ్ళకు పంచుకోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) లైసెన్సో, వీఎన్‌ఓ (వేరే కంపెనీ నెట్‌వర్క్ మీద సేవ ఇచ్చేవాళ్ళ) లైసెన్సో, లైసెన్స్ ఉన్న కంపెనీ ఫ్రాంచైజీయో లేకుండా అది చట్టవిరుద్ధం. ఏదైనా సైబర్ కేసు వస్తే పోలీసులు మీ గుమ్మం దగ్గరకే వస్తారు.

ఈ వారంలో మొదలుపెట్టాలంటే, గత 12 నెలల్లో మానేసినవాళ్ళ లిస్టు తీసి ఫోన్ చేయండి. కలెక్షన్ అబ్బాయితో చేయించకండి, మీరే చేయండి. ఆ అబ్బాయి మీద ఉన్న ఫిర్యాదును ఆ అబ్బాయితోనే ఎవరూ చెప్పరు. మళ్ళీ కనెక్షన్ పెట్టుకోమని కూడా మొదటి కాల్‌లో అడగొద్దు, ఎందుకు మానేశారో మాత్రం అడిగి రాసుకోండి. నేను మాట్లాడిన 64 మందిలో 17 మంది, జాయింట్లు బాగుచేశామని తెలిశాక, ఆరు నెలల్లో వాళ్ళే తిరిగి వచ్చారు. టీచరమ్మ కూడా.